డాక్టరు అడిగితే వెతికిపెట్టేవాళ్లు

ఆరోగ్య గ్రంథపాలకుల అంతర్జాతీయ సదస్సుల్లో ఏం జరుగుతుంది? నాలుగు భాషల మధ్య పెరిగిన మన పిల్లలకు అక్కడ పనేమిటి?

జబ్బు చేస్తే మనం డాక్టరును అడుగుతాం. మరి డాక్టరుకే సందేహం వస్తే? తనకంటే అనుభవం ఉన్నవారిని అడుగుతారు, పుస్తకం తిరగేస్తారు, కంప్యూటర్‌లో వెతుకుతారు. కానీ వెతకాల్సిన రాశి చిన్నది కాదు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే ‘పబ్‌మెడ్’ అనే ఒక్క సూచికలోనే 3 కోట్ల 50 లక్షలకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. మంచం మీదున్న రోగికి పనికొచ్చే పది వ్యాసాలు అందులో ఎక్కడున్నాయో పట్టుకోవడం ఒక విద్య. ఆ విద్య నేర్చినవారే ఆరోగ్య లైబ్రేరియన్లు.

మెడికల్ కాలేజీల్లో, పెద్ద ఆసుపత్రుల్లో, పరిశోధన సంస్థల్లో వీరు పనిచేస్తారు. తెల్లకోటు వేసుకోరు, రోగికి కనిపించరు. అందుకే మన బడుల్లో ‘పెద్దయ్యాక ఏమవుతావు’ అని అడిగితే ఈ పేరు చెప్పే పిల్లలు అరుదు. అయితే ఈ వృత్తివాళ్లకు వందేళ్లకు పైబడిన సంఘాలున్నాయి. వాళ్లు దేశదేశాల నుంచి వచ్చి ఒకచోట కలుసుకునే అంతర్జాతీయ సదస్సులున్నాయి. ఆంధ్ర, తెలంగాణల బయట తెలుగు చదువుకుంటున్న మనకు ఆ సదస్సులతో సంబంధం ఏమిటో ఈ వారం చూద్దాం.

వెతకడంలో లోపం వస్తే

ముందు ఈ పని విలువ ఎంతో తెలియాలి. అమెరికాలోని రోచెస్టర్ ప్రాంత ఆసుపత్రుల్లో జరిగిన ఒక అధ్యయనం 1992లో అచ్చయింది. ఆసుపత్రి గ్రంథాలయం నుంచి సమాచారం తెప్పించుకున్న 208 మంది డాక్టర్లను, దానివల్ల మీ వైద్యంలో మార్పు ఏమైనా వచ్చిందా అని అందులో అడిగారు. రోగి విషయంలో ఏదో ఒకటి వేరుగా చేశామనో, బహుశా చేసి ఉంటామనో 80 శాతం మంది చెప్పారు. రోగి మరణాన్ని తప్పించడానికి అది తోడ్పడిందన్నవారు 19 శాతం. లైబ్రరీ బల్ల దగ్గర జరిగే పని వార్డులోని మంచం దాకా చేరుతుందని అంకెలతో చూపిన అధ్యయనాల్లో ఇది పేరుపొందింది.

దీనికి విషాదమైన మరో పార్శ్వమూ ఉంది. 2001లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఆస్తమా మీద ఒక పరిశోధన జరిగింది. ఆరోగ్యంగా ఉన్న 24 ఏళ్ల యువతి అందులో స్వచ్ఛందంగా పాల్గొంది. హెక్సామిథోనియం అనే మందును ఆమె చేత పీల్పించారు. ఊపిరితిత్తులు దెబ్బతిని, కొన్ని వారాల్లోనే ఆమె చనిపోయింది. ఆ మందు ఊపిరితిత్తులకు చేటు చేయవచ్చని 1950ల నాటి వైద్య పత్రికల్లో రాసి ఉంది. అయితే అప్పట్లో పబ్‌మెడ్ 1966 వరకే వెనక్కి వెళ్లేది. అంతకుముందు సంగతి తెలియాలంటే అచ్చుపుస్తకాల సూచికలు తిరగేయాలి. ఏ కాలపు సమాచారం ఎక్కడ దొరుకుతుందో, కంప్యూటర్ తెర మీద కనబడనిది ఏమిటో చెప్పగలిగేది లైబ్రేరియనే.

ఆ మరణం తర్వాత ఆరోగ్య లైబ్రేరియన్లలో పెద్ద చర్చ జరిగింది. మనుషుల మీద పరిశోధన మొదలుపెట్టే ముందు సాహిత్యాన్ని ఎవరు వెతకాలి, ఎంత వెనక్కి వెళ్లి వెతకాలి అన్నది ఆ చర్చ సారాంశం. ఈరోజు పబ్‌మెడ్‌లో 1946 దాకా పాత వ్యాసాల వివరాలు చేరాయి.

ఎనిమిది మందితో మొదలు

1898 మే 2న ఫిలడెల్ఫియాలో ఒక వైద్య పత్రిక కార్యాలయంలో ఎనిమిది మంది కూర్చున్నారు. నలుగురు లైబ్రేరియన్లు, నలుగురు డాక్టర్లు. ఆ రోజు పుట్టిన సంఘమే నేటి మెడికల్ లైబ్రరీ అసోసియేషన్. వాళ్లు ముందుగా తలపెట్టిన పనుల్లో ఒకటి ఎంత సాదాగా ఉందో చూడండి. నా దగ్గర ఒకే పత్రిక రెండు ప్రతులున్నాయి, నీ దగ్గర అసలు లేదు. అదనపు ప్రతి నీకిస్తాను, నా దగ్గర లేనిది నువ్వివ్వు. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికే ఒక ఏర్పాటు చేసుకున్నారు.

మనకూ ఇలాంటి చరిత్ర ఉంది. 1914లో బెజవాడలో గ్రంథాలయాల వాళ్లంతా సభ చేసి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య పేరు మన పెద్దలకు తెలిసిందే. వేర్వేరు ఊళ్లలో ఒంటరిగా పనిచేసేవాళ్లు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కలవకపోతే ఎవరి బావిలో వాళ్లు ఉండిపోతారన్న ఎరుక ఫిలడెల్ఫియాలోనూ బెజవాడలోనూ ఒకటే.

వైద్య గ్రంథాలయాల తొలి అంతర్జాతీయ సదస్సు 1953లో లండన్‌లో జరిగింది. రెండోది 1963లో వాషింగ్టన్‌లో. ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్, బెల్‌గ్రేడ్, టోక్యో. ఆరోది 1990లో మన న్యూఢిల్లీకి వచ్చింది. 2005లో బ్రెజిల్‌లోని సాల్వడార్, 2009లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్, 2013లో అమెరికాలోని బోస్టన్ ఆతిథ్యమిచ్చాయి. బోస్టన్‌లో మనుషుల ఆరోగ్యం, పశువుల ఆరోగ్యం, పర్యావరణం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయన్న భావనను ప్రధానాంశంగా తీసుకుని, పశువైద్య లైబ్రేరియన్లను కూడా కలుపుకున్నారు. ఇవి కాక యూరప్ దేశాల ఆరోగ్య లైబ్రేరియన్లకు 1987 నుంచి సొంత సంఘం ఉంది. ఆఫ్రికా దేశాలకూ ఒకటుంది.

నాలుగు రోజుల సంతలో

సదస్సు అంటే వేదిక, పూలదండలు, ఉపన్యాసాలు అనుకుంటాం. అవి కొంత ఉంటాయి. అసలు పని చాలావరకు వేదిక కింద జరుగుతుంది.

ప్రధాన సభకు ముందు ఒకటి రెండు రోజులు శిక్షణ తరగతులు పెడతారు. ఒక వైద్య ప్రశ్న మీద ప్రపంచంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ ఒక్కటీ వదలకుండా ఎలా ఏరాలి, ఏరినదాన్ని ఇంకొకరు సరిచూసేలా ఎలా రాసిపెట్టాలి వంటివి అక్కడ చేతితో చేయించి నేర్పుతారు. తర్వాత పత్ర సమర్పణలు. పదీ పదిహేను నిమిషాల్లో తమ లైబ్రరీలో ఏం చేశారో, ఏం ఫలించిందో చెప్పాలి. ముందుగా పంపిన సంక్షిప్త సారాంశాన్ని నిపుణులు చదివి ఒప్పుకుంటేనే ఆ అవకాశం వస్తుంది.

కొత్తవాళ్లకు పోస్టరు మంచి దారి. మన బడి సైన్స్ ఫెయిర్‌లో చార్టు పక్కన నిలబడి వచ్చినవాళ్లకు వివరిస్తాం కదా, అదే పద్ధతి. గోడకు తగిలించిన ఒక పెద్ద కాగితం మీద మన పనిని క్లుప్తంగా చూపి, నిర్ణీత సమయంలో దాని పక్కన నిలబడాలి. వేదిక మీద మాట్లాడటానికి జంకేవారికి కూడా ఇక్కడ ఎదురుగా ఒకరిద్దరే ఉంటారు. అడిగినవారికి నెమ్మదిగా చెప్పుకోవచ్చు.

మరోవైపు ప్రదర్శనశాల. పత్రికల ప్రచురణకర్తలు, డేటాబేస్ కంపెనీలు తమ సరుకుతో బారులు తీరుతాయి. ఏ పత్రికకు చందా ఎంత, ఏ షరతు మీద ఇస్తారు అన్నది ఇక్కడ మాట్లాడుకుంటారు. చిన్న కాలేజీ లైబ్రేరియన్‌కు పెద్ద కాలేజీవాళ్లు ఎలా బేరమాడారో తెలిసేది కూడా ఇలాంటి చోటే. టీ విరామంలో పరిచయమైనవారికి ఆరు నెలల తర్వాత ‘ఈ వ్యాసం మా దగ్గర దొరకడం లేదు, పంపగలరా’ అని రాయగలగడం సదస్సుకు వెళ్లినందుకు దక్కే లాభాల్లో చిన్నదేమీ కాదు. 1898 నాటి ఇచ్చిపుచ్చుకోవడం వేరే రూపంలో అలా సాగుతూనే ఉంది.

ఇంగ్లీషు సంగతి చాలామందిని వెనక్కి లాగుతుంది. ఇలాంటి సదస్సులకు ఫిన్లండ్, పోలండ్, ఇటలీ, జపాన్, బ్రెజిల్ నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు. నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో మాట్లాడటం అక్కడ తప్పు కాదు. పైగా వినేవాళ్లకు మేలు.

సాల్వడార్‌లో పేద దేశాల గొంతు

ఈ సదస్సుల్లో మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సింది 2005 సెప్టెంబరులో సాల్వడార్‌లో జరిగినది. దాని ప్రధానాంశం సమానత్వం. వైద్య పరిశోధన ధనిక దేశాల పత్రికల్లో అచ్చవుతుంది, ఆ పత్రికల చందా పేద దేశాల ఆసుపత్రి కట్టలేదు. తమ దేశ రోగుల మీద జరిగిన పరిశోధనను కూడా తామే కొనుక్కోలేని పరిస్థితి. దీని మీద అక్కడ చర్చ సాగింది. దానికి అనుబంధంగా జరిగిన సభ ఒక ప్రకటన వెలువరించింది. ప్రజల సొమ్ముతో చేసిన పరిశోధన ప్రజలందరికీ ఉచితంగా అందాలని, ప్రభుత్వాలు దాన్ని ముఖ్యమైన పనిగా తీసుకోవాలని కోరింది. వర్ధమాన దేశాల వైపు నుంచి వచ్చిన మాట కాబట్టి దానికి బరువు ఎక్కువ.

మన దేశానికి ఇది దగ్గరి విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ‘హినారి’ అనే పథకం మొదలుపెట్టి, తలసరి ఆదాయం బాగా తక్కువున్న దేశాల సంస్థలకు వైద్య పత్రికలను ఉచితంగానో తక్కువ ధరకో ఇప్పించింది. భారత్‌కు ఆ జాబితాలో చోటు దక్కలేదు. మనవాళ్లు వేరే దారులు వెతుక్కోవాల్సి వచ్చింది. ఢిల్లీలోని జాతీయ వైద్య గ్రంథాలయం ప్రభుత్వ మెడికల్ కాలేజీల కోసం ఉమ్మడి చందా పద్ధతి నడిపింది. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అమల్లోకి వచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలకు, పరిశోధన కేంద్రాలకు తెరిచారు. తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్లి కావాల్సింది తీసుకురాగలిగిన మనుషులు ఇప్పుడు మరింత అవసరం.

షుగరా, చక్కెర జబ్బా, మధుమేహమా?

ఇక భాష దగ్గరకు వద్దాం. మన అసలు పని ఇక్కడే ఉంది.

వైద్య సూచికలో వెతకడానికి ఒక ప్రామాణిక పదకోశం ఉంటుంది. దాన్ని ‘మెష్’ అంటారు. 1960లో మొదలైంది, ఇప్పుడు అందులో 30 వేలకు పైగా శీర్షికలున్నాయి. ఒకే జబ్బుకు జనం పది పేర్లు వాడతారు. ఏ పేరుతో వెతికినా ఒకే చోటికి చేర్చడమే దాని పని. ఇంగ్లీషులో ‘హార్ట్ అటాక్’ అని కొడితే ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అనే శీర్షిక దగ్గరికి తీసుకెళ్తుంది. మామూలు మనిషి మాటకు, డాక్టరు మాటకు మధ్య వంతెన అన్నమాట.

బ్రెజిల్‌లోని సావో పాలోలో 1967లో ‘బిరేమె’ అనే కేంద్రం ఏర్పడింది. లాటిన్ అమెరికా దేశాలన్నిటికీ అది ఆరోగ్య సమాచార కూడలి. అక్కడివాళ్లు మెష్‌ను స్పానిష్‌లోకి, పోర్చుగీసులోకి తెచ్చుకున్నారు. తెచ్చుకుని ఊరుకోలేదు. ప్రజారోగ్యం, హోమియోపతి వంటి తమకు కావాల్సిన విభాగాలను అదనంగా చేర్చారు. తమ జనం మాటలతోనే తమ వైద్య సాహిత్యాన్ని వెతుక్కునే వీలు కల్పించుకున్నారు. చెక్, పోలిష్, ఫిన్నిష్, క్రొయేషియన్ భాషల్లోకి కూడా మెష్ అనువాదమైంది. వీటిలో కొన్ని భాషలు మాట్లాడేవారు కోటి మంది కూడా ఉండరు. 2011 జనగణన ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షలు. ఆ అనువాదాల వరసలో తెలుగు లేదు.

హోసూరు, బళ్లారి, బరంపురం, సోలాపూర్, యానాం వంటి చోట్ల ఉన్న మనకు ఈ లోటు రెండింతలు. ఇంట్లో చక్కెర జబ్బు అంటాం. వీధిలో ఒకచోట సక్కరె కాయిలె, మరోచోట సర్క్కరై వ్యాధి వినిపిస్తుంది. నర్సమ్మ షుగర్ అంటుంది. చీటీ మీద ‘డయాబెటిస్ మెలైటస్’ అని ఉంటుంది. పాఠ్యపుస్తకంలో మధుమేహం. ఇవన్నీ ఒకటేనని మనకు తెలుసు. షుగరు దగ్గర సరే, మూత్రపిండాల జబ్బో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందో వచ్చినప్పుడు ఆ చీటీని అమ్మమ్మకు ఎవరు విడమరచి చెబుతారు? చాలా ఇళ్లలో ఆ బాధ్యత ఎనిమిదో తరగతి పిల్లదో పిల్లాడిదో అవుతుంది. పొరపాటుగా చెబితే మాత్ర రెండుసార్లు పడవచ్చు, లేదా ఆగిపోవచ్చు.

సదస్సులో మన మాట ఎందుకు వినిపించాలన్నదానికి జవాబు ఇదే. ఏ భాషలోకి అనువదించాలి, ఏ రోగుల కోసం సామగ్రి తయారుచేయాలి అన్న ఆలోచన అక్కడ కూర్చున్నవారి అనుభవం నుంచే పుడుతుంది. స్పానిష్, పోర్చుగీసు వాళ్లు కూర్చున్నారు కాబట్టే వాళ్ల పదకోశం వచ్చింది. వైద్య అధ్యయనాలను జల్లెడ పట్టే ‘కాక్రేన్’ సంస్థ తన సులభ సారాంశాల్లో కొన్నిటిని హిందీ, తమిళ భాషల్లోకి తెచ్చింది. అలాంటి పనికి పూనుకోవడానికి రెండు భాషలు చదవగల మనుషులు కావాలి. మూడు నాలుగు భాషలు మన పిల్లలకు బడిలోనూ వీధిలోనూ వస్తున్నాయి. వాటిని ఇంతకాలం భారంగానే లెక్కపెడుతూ వచ్చాం.

మన బడి నుంచి అక్కడికి

దారి దూరమే, కానీ మెట్లున్నాయి.

పన్నెండో తరగతి తర్వాత ఏ డిగ్రీ అయినా చదవవచ్చు. జీవశాస్త్రం, నర్సింగ్, ఫార్మసీ చదివితే ఈ వృత్తిలో ఉపయోగం ఎక్కువ. డిగ్రీ తర్వాత గ్రంథాలయ శాస్త్రంలో బి.ఎల్‌.ఐ.ఎస్‌సి., ఆపై ఎం.ఎల్‌.ఐ.ఎస్‌సి. మన పొరుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు వీటిని నడుపుతున్నాయి. ఎస్.ఆర్.రంగనాథన్ తమిళనాడులోని శియాళిలో పుట్టి మన దేశ గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసినవారు. ఆయన 1962లో బెంగళూరులో నెలకొల్పిన డి.ఆర్‌.టి.సి. ఇప్పటికీ భారతీయ గణాంక సంస్థలో భాగంగా పీజీ చదువు చెబుతోంది.

పనిచేసే చోట్లూ దూరంగా లేవు. ప్రతి మెడికల్ కాలేజీకి లైబ్రరీ తప్పనిసరి. బెంగళూరులో నిమ్‌హాన్స్, రాయవెల్లూరులో సి.ఎం.సి., బరంపురంలో ఎం.కె.సి.జి., బళ్లారి, సోలాపూర్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు, యానాం వాళ్లకు పుదుచ్చేరిలో జిప్‌మర్ ఉన్నాయి. వీటిలో చాలాచోట్ల మన తెలుగు రోగులు వరసల్లో నిలబడుతూనే ఉన్నారు.

ఉద్యోగంలో చేరాక సదస్సుకు వెళ్లే మార్గాలను వెతకాలి. అమెరికా, కెనడా బయటి ఆరోగ్య లైబ్రేరియన్ల కోసం మెడికల్ లైబ్రరీ అసోసియేషన్ తరఫున కన్నింగ్‌హామ్ స్మారక ఫెలోషిప్ ఉంది. వేరే సదస్సులు కూడా కొందరికి ప్రయాణ సాయం ఇస్తుంటాయి. షరతులు ఏటేటా మారతాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన చూసుకునే దరఖాస్తు పెట్టాలి. సారాంశం పంపడానికి గడువు సదస్సుకు చాలా నెలల ముందే ముగుస్తుంది. పాస్‌పోర్టు, సంస్థ అనుమతి, వీసాకు కావాల్సిన ఆహ్వాన లేఖ అన్నీ సమయం తీసుకునేవే. ముందు దేశంలోని భారతీయ వైద్య గ్రంథాలయ సంఘం సభలో ఒక పోస్టరు పెట్టి చూస్తే చేయి తిరుగుతుంది. 2020 తర్వాత ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పాల్గొనే వీలు కూడా కొన్ని సదస్సులు కల్పిస్తున్నాయి. ఖర్చు భరించలేనివారు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఈ ఏడాది తరగతిలో

ఇదంతా పదేళ్ల తర్వాతి మాట. ఉపాధ్యాయులు ఈ ఏడాదే చేయించగలిగిన పని ఒకటుంది. తొమ్మిదో తరగతి పిల్లల చేత జబ్బుల మాటల పట్టిక రాయించండి. మొదటి వరసలో ఇంట్లో అవ్వాతాతలు అనే మాట. రెండో వరసలో పుస్తకపు తెలుగు. మూడో వరసలో రాష్ట్ర భాష, అంటే కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో. నాలుగో వరసలో ఆసుపత్రి చీటీ మీది ఇంగ్లీషు మాట. ఆయాసం, ఉబ్బసం, ఆస్తమా. పచ్చకామెర్లు, జాండిస్. మూర్ఛ, ఫిట్స్, ఎపిలెప్సీ. ఇలా యాభై మాటలు చాలు.

రాసేటప్పుడు పిల్లలకే ప్రశ్నలు పుడతాయి. ఆయాసం, ఉబ్బసం ఒకటేనా? అవ్వ ‘వాతం’ అన్నప్పుడు ఆమె ఉద్దేశం ఏ జబ్బు? కామెర్లు జబ్బా, జబ్బు లక్షణమా? వీటికి ఊహతో జవాబు రాయనివ్వకండి. పట్టికను దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించి దిద్దించండి. వీలుంటే జిల్లా మెడికల్ కాలేజీ లైబ్రరీకి ముందుగా అనుమతి తీసుకుని పిల్లలను ఒక పూట తీసుకెళ్లండి. పదకోశంలో ఒక మాట కొట్టి, అది ఎక్కడికి చేరుస్తుందో చూపించమని అక్కడి లైబ్రేరియన్‌ను అడగండి.

బిరేమె వాళ్ల పని కూడా ఇలాంటి మాటల జోడింపే. మనది చిన్న ఎత్తున మొదలవుతుంది. దిద్దిన పట్టిక ప్రతి ఒకటి బడి నోటీసు బోర్డు మీద, ఒకటి ఆరోగ్య కేంద్రం గోడ మీద ఉంచండి. మాకూ ఒక ప్రతి పంపితే హోసూరు మాటను బరంపురం మాట పక్కన పెట్టి ఈ పేజీలో అచ్చు వేస్తాం.